ఉద్యోగం మానేసింది... తరవాత?

కాలేజీ వదిలి రెండేళ్లయింది. టోక్యోలో ఉద్యోగం. నెల తిరిగేసరికి జీతం. పొద్దున్నే ఆఫీసుకు పరుగు, రాత్రికి నీరసంగా గది చేరడం. ఎందుకు చేస్తున్నానీ పని అని రోజూ అదే ప్రశ్న. ఓ రోజు ఆ అమ్మాయి ఉద్యోగం మానేస్తుంది. ఇంకోటి చూసుకుని కాదు... దాచుకున్న డబ్బు కొన్నాళ్లొస్తుంది కదా అనుకుని!

ఆమె పేరు మెయికో. నిజం మనిషి కాదు, ఓ బొమ్మల కథలో నాయిక. కథ పేరు 'సొలానిన్'. 2005-06లో 'యంగ్ సండే' అనే జపాన్ వారపత్రికలో ధారావాహికగా వచ్చింది. రాసిందీ, బొమ్మలు గీసిందీ ఇనియో అసానో. అప్పటికి అతని వయసు పాతికేళ్లు. అంటే, తన ఈడువాళ్ల గోడునే గీశాడన్నమాట.

బొమ్మల కథలనగానే మనకు చందమామ, బాలమిత్ర గుర్తొస్తాయి. అవి పిల్లలవి. జపాన్ మాంగాల్లో మాత్రం పిల్లలవి వేరు, చదువులు దాటినవాళ్లవి వేరు. ఈ రెండో రకాన్ని 'సెయినెన్' అంటారు. పెద్దలవనగానే అన్నీ అశ్లీలమనుకోనక్కర్లేదు. ఇంటి అద్దె, నచ్చని ఉద్యోగం, మహానగరంలో ఒంటరితనం... వీటిమీదే బోలెడు కథలున్నాయి.

ఈ బాట వేసినవాళ్లలో ముఖ్యుడు యొషిహిరో తత్సుమి. తన బొమ్మల్ని పిల్లల మాంగాలతో కలిపేయొద్దంటూ 1957లో 'గెకిగా' అని కొత్త పేరు పెట్టాడు. నాటకీయ చిత్రాలని అర్థం. 1964లో టోక్యోలో ఒలింపిక్స్ జరిగాయి, బుల్లెట్ రైలు పట్టాలెక్కింది, దేశమంతా పరుగులు పెట్టింది. తత్సుమి ఆ పరుగులో నలిగినవాళ్లను చూశాడు. మురుగు కాల్వలో దిగేవాడు, ఫ్యాక్టరీ కూలీ, కిక్కిరిసిన రైల్లోకి జనాన్ని తోయడమే ఉద్యోగమైనవాడు... వీళ్లే అతని నాయకులు. నోరు విప్పి మాట్లాడటమూ తక్కువే. తత్సుమి 2015లో కన్నుమూశాడు.

ఆ కాలంలో పని ఉండేది, సుఖమే లేదు. అసానో తరానికి వచ్చేసరికి పనికే కరువొచ్చింది. 1980ల చివర్లో జపాన్‌లో షేర్లు, భూముల ధరలు ఆకాశాన్నంటాయి. తొంభైల మొదట్లో ఆ బుడగ టప్పున పేలింది. పాత ఉద్యోగుల్ని తీసేయలేని కంపెనీలు కొత్తవాళ్లను తీసుకోవడం తగ్గించేశాయి. అక్కడి పద్ధతి వేరు మరి. చదువు పూర్తికాకముందే ఎంపికలు జరిగిపోతాయి. ఏప్రిల్‌లో అందరూ ఒకేసారి కొలువులో చేరతారు. ఆ ఏడాది బస్సు తప్పిపోతే మళ్లీ ఎక్కడం మహా కష్టం! ఆ రోజులకు జపాన్‌వాళ్లు పెట్టుకున్న పేరు 'ఉద్యోగాల మంచుయుగం'.

అలా మిగిలిపోయినవాళ్లు గంటల లెక్కన చిన్నాచితకా పనులు చేసుకుంటూ బతికారు. వాళ్లను 'ఫ్రీటర్'లన్నారు. ఆంగ్లంలోని 'ఫ్రీ'కి, జర్మన్‌లో కార్మికుడనే అర్థమిచ్చే 'అర్బైటర్'ను అతికించి చేసిన మాట. 2003లో ఇలాంటి యువత 21 లక్షల 70 వేలని ప్రభుత్వ లెక్క. పెద్దవాళ్లు చాలామంది వీళ్లను బద్ధకస్తులని తేల్చేశారు. తలుపు మూసి, లోపలికి రావేం అని అడిగినట్టు!

మెయికోతో కలిసి ఒకే గదిలో ఉండే తనెదా కూడా అలాంటివాడే. పార్ట్‌టైం పని, అరకొర డబ్బులు. కాలేజీ రోజుల్లో స్నేహితులతో కలిసి పెట్టుకున్న బ్యాండే అతని లోకం. డ్రమ్స్ కొట్టే బిల్లీ తండ్రి మందుల షాపులో కూర్చుంటాడు. కటో ఆరేళ్లయినా కాలేజీ వదల్లేదు. మెయికో పోరు పెట్టడంతో తనెదా ఈసారి గట్టిగా ప్రయత్నిస్తాడు. పాట రికార్డు చేసి కంపెనీలకు పంపిస్తాడు. ఓ కంపెనీ పిలుస్తుంది కూడా. తీరా వెళితే... ఓ గ్లామర్ తార వెనక నిలబడి వాయిస్తారా అంటుంది. మెయికో అక్కడికక్కడే కుదరదనేస్తుంది.

సినిమా అయితే ఇక్కణ్నుంచి గెలుపే. ఇందులో మాత్రం తనెదా కొన్నాళ్లకు స్కూటర్ ప్రమాదంలో చనిపోతాడు. ఎర్రలైటు పడినా ఆగలేదు. పొరపాటా, కావాలనా? అసానో తేల్చి చెప్పడు. తరవాత మెయికో అతని గిటార్ పట్టుకుంటుంది. వేళ్లు నొప్పిపుట్టేలా నేర్చుకుని, చిన్న హాల్లో, కొద్దిమంది ముందు అతని పాట పాడుతుంది. అంతే. కంపెనీలేవీ వెంటపడవు. ఆమె ఆ గది ఖాళీచేసి వెళ్లిపోతుంది.

ఈ కథ బలమంతా ఇక్కడే ఉంది. ఉద్యోగం మానడం విప్లవమనీ అసానో అనడు, తప్పనీ అనడు. మానేసిన మర్నాడు పొద్దున్నే ఏం చేయాలో తెలియక కూర్చున్న అమ్మాయిని మాత్రం ఉన్నదున్నట్టు చూపిస్తాడు. ఫొటోలు తీసుకుని వాటి ఆధారంగా వీధులు గీయడం అతని అలవాటు. అందుకే కరెంటు తీగలు, నదిగట్టు, ఇరుకు వంటగది అచ్చం నిజంలా ఉంటాయి. వాటి మధ్య గుండ్రటి ముఖాల మనుషులు మరీ చిన్నగా కనిపిస్తారు.

ఇంతకీ 'సొలానిన్' అంటే? బంగాళాదుంప మొలకల్లో ఉండే విషం పేరు. పచ్చబడిన దుంపల్ని ఇంట్లో పక్కన పడేసేది దానివల్లే. తనెదా రాసిన పాట పేరు కూడా అదే!

2010లో అవొయి మియజాకి నాయికగా సినిమా వచ్చింది. 'యంగ్ సండే' పత్రిక మాత్రం అంతకుముందే, 2008లో మూతపడింది. అప్పట్లో అందులో మెయికో కథ చదివిన పాతికేళ్లవాళ్లిప్పుడు నలభై దాటేశారు. 2017లో పుస్తకాన్ని మళ్లీ ముద్రించినప్పుడు అసానో ఇంకో అధ్యాయం గీసి కలిపాడు. పదేళ్ల తరవాత ఆ స్నేహితులంతా ఎలా ఉన్నారన్నదే అందులో కథ.