తట్టి చూడని లోహం వద్దు

గోదావరిఖని భూగర్భ గనుల్లో పని మొదలయ్యే ముందు మైనింగ్ సర్దార్ కర్రతో పైకప్పును తట్టి చూస్తాడు. గట్టి రాయి ఖంగుమంటుంది. పొర విడిన చోట బోలుగా మోగుతుంది. ఆ తనిఖీ కానిదే కార్మికుడిని దాని కిందికి పంపకూడదు. రేడియేషన్‌ను తట్టుకునే నానో లోహాలు వస్తున్నాయని వింటున్న ఈ రోజుల్లో అణుశక్తి శాఖ పాటించాల్సిన నియమమూ అదే.

ఈ లోహాల కోసం తొందరకు కారణముంది. చిన్న మాడ్యులర్ రియాక్టర్ల పరిశోధనకు 2025-26 కేంద్ర బడ్జెట్ 20,000 కోట్ల రూపాయలు ప్రకటించింది. 2033 నాటికి కనీసం ఐదు నడవాలన్నది లక్ష్యం. రామగుండంలో 2,600 మెగావాట్ల బొగ్గు కేంద్రాన్ని నడిపే ఎన్టీపీసీ కూడా అణు విద్యుత్తు వైపు అడుగు వేసింది. సింగరేణి బొగ్గు గనుల ప్రాంతానికి ఈ రంగం కొత్త కాదు. మణుగూరు భారజల కర్మాగారం ఇక్కడిదే.

చిక్కంతా లోహంలో ఉంది. న్యూట్రాన్ తగిలిన పరమాణువు తన చోటు వదిలి ఎగిరిపోతుంది, వెనక ఖాళీ మిగులుతుంది. అలాంటి ఖాళీలు పోగైతే లోహం ఉబ్బుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలుకూ ఈ గతి తప్పదని 1967లో స్కాట్లండ్‌లోని డూన్‌రే రియాక్టర్ నమూనాలు బయటపెట్టాయి. అంటే రియాక్టర్ కట్టి నడిపాక తెలిసిన సంగతి అది.

లోహమంటే సన్నని స్ఫటిక రేణువుల కూర్పు. చెదిరిన పరమాణువులను రేణువుల మధ్య సరిహద్దులు పీల్చుకుంటాయి. రేణువులను 100 నానోమీటర్ల లోపుకు కుదిస్తే ఆ సరిహద్దులు లెక్కకు మించి పెరుగుతాయి. పట్టుకున్న పరమాణువునే సరిహద్దు తిరిగి వదిలి, దగ్గరి ఖాళీని పూడ్చగలదని 2010లో అమెరికాలోని లాస్ అలమోస్ శాస్త్రవేత్తలు కంప్యూటర్ లెక్కలతో చూపారు. తన గాయం తానే మాన్పుకునే లోహం! ఇంత అందమైన ఆలోచనకు పరీక్ష మరింత కఠినంగా ఉండాలి.

ఎందుకంటే వేడికీ రేడియేషన్‌కూ ఆ చిన్న రేణువులు ఒకదానిలో ఒకటి కలిసి పెద్దవవుతాయి. పైగా ఇప్పటి రుజువుల్లో చాలా భాగం అయాన్ పుంజాలతో వచ్చినవి. అవి కొన్ని గంటల్లో, కొన్ని మైక్రాన్ల లోతునే దెబ్బతీస్తాయి. న్యూట్రాన్లు మాత్రం ఇంధనాన్ని కప్పి ఉంచే గొట్టం మందమంతా ఏళ్ల తరబడి కొడతాయి. అందుకే యిట్రియా (యిట్రియం ఆక్సైడ్) నానో కణాలు పొదిగిన ఉక్కు దారి మాకు మేలనిపిస్తోంది. రేణువుల సరిహద్దులను ఆ కణాలు కదలనివ్వవు. ఆ ఉక్కు గొట్టాల తయారీలో కల్పాక్కం అణు పరిశోధన కేంద్రంతో పాటు హైదరాబాద్‌లోని పదార్థ పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ, అణు ఇంధన సముదాయం ఎన్ఎఫ్‌సీల కృషి ఉంది. అయినా వాటికీ న్యూట్రాన్ పరీక్ష నుంచి మినహాయింపు ఉండరాదు.

కాగితం మీది సాంకేతికత నేల మీద నిలవకపోతే ఏమవుతుందో రామగుండానికి తెలుసు. అక్కడ బొగ్గు నుంచి యూరియా తీసే కర్మాగారం 1980లో మొదలై 1999లో మూతపడింది. గ్యాస్‌తో మళ్లీ ఉత్పత్తి మొదలవడానికి 2021 దాకా ఎదురుచూడాల్సి వచ్చింది.

ఆ 20,000 కోట్లలో లోహాల న్యూట్రాన్ పరీక్షలకు కచ్చితమైన వాటా కేటాయించాలి. 1985లో పనిచేయడం మొదలుపెట్టిన కల్పాక్కం ప్రయోగాత్మక రియాక్టర్ ఎఫ్‌బీటీఆర్ మీదే భారమంతా మోపడం తగదు. విశాఖ దగ్గర భాభా అణు పరిశోధన కేంద్రం (భార్క్) తలపెట్టిన పరిశోధన రియాక్టర్‌ను వేగిరపరచాలి. రేపు బొగ్గు బెల్టులో ఎక్కడైనా రియాక్టర్ ప్రతిపాదన వస్తే, భూసేకరణ నక్షా కంటే ముందు ఆ లోహ పరీక్షల నివేదికను తెలుగులో ప్రజల ముందు పెట్టాలి.