దిక్కులు చూతురు, నేల చూడరు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మనవారు ఊరక యనలేదు. ఈ రెండు కార్యములందును గృహస్థుని చేతిలోని సొమ్ముతోపాటు గుండెలోని ధైర్యమును సన్నగిల్లును. ధైర్యము తగ్గినచోట భయమును విక్రయించువాడు దుకాణము తెఱచును. పెండ్లియందలి కట్నపు దురాచారమును ఖండించుటకు మనలో ననేకులు కలము పట్టిరి. ఇంటిని చుట్టుకొన్న వాస్తుభయమును ఖండించుటకు మాత్రము చదువుకొన్నవారు సైతము వెనుదీయుచున్నారు. బడిలో పిల్లలకు ప్రకృతిశాస్త్రము బోధించు ఉపాధ్యాయుడే, తన యింటికి ముగ్గు పోయునాడు, దిక్సూచి చేతబట్టినవాని వెంట వణకుచు నడచుట నేను చూచియున్నాను.

మా కాటారము జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని మండలకేంద్రము. 2016 అక్టోబరు వఱకు కరీంనగరు జిల్లాలోనిది. మా పూర్వులు మట్టిగోడలు పెట్టి, అడవికలప దూలములపై గూనపెంకులు కప్పుకొనిరి. ఇప్పుడు వానిని కూల్చి స్లాబు ఇండ్లు కట్టుకొనుచున్నారు. 2024 మార్చి 11వ తేదీన భద్రాచలమున ప్రారంభమైన ఇందిరమ్మ యిండ్ల పథకము పేదకుటుంబమునకు 5 లక్షల రూపాయలు నిర్ణయించినది. ఆ సొమ్ము ఒక్కసారిగా రాదు. పునాది, గోడలు, స్లాబు, ముగింపు అను పనుల ననుసరించి విడతలుగా వచ్చును. కట్టిన గోడను పడగొట్టి మరల కట్టువానికి ఆ రెండవ గోడ ఖర్చు ఎవ్వరును ఇయ్యరు. నూటికి రెండు రూపాయల నెలవడ్డీకి అప్పు తెచ్చుకొనవలసినదే.

ఒక ప్రత్తిరైతు సంగతి వినుడు. దర్వాజ నిలిపిన పిమ్మట ఒకడు వచ్చి, మెట్లు ఈశాన్యమున నున్నవి, కొడుకునకు గండమని చెప్పెను. మెట్లు పడగొట్టి నైరృతికి మార్చిరి. ఆరునెలలకు వేఱొకడు వచ్చి, వంటిల్లు ఆగ్నేయమునుండి జానెడు తొలగినదనెను. గోడ తీసి మరల కట్టిరి. ఈ రెండు మార్పులకైన వ్యయముతో ఆ యింటికి మరుగుదొడ్డియు, మురుగునీరు పోవు మోరియు పూర్తి కావలసినవి. అవి నేటికిని కాలేదు. ఆ యింటి ఆడువారు చీకటితో చెంబు పట్టుకొని చేలగట్లకు పోవుచున్నారు. గండము మెట్లలో నుండెనా, ఈ లేమిలో నున్నదా?

నేను శాస్త్రద్వేషిని కాను. సంస్కృతము చదివి దానివలన బ్రదుకుచున్నవాడను. అందుచేతనే ఈ ప్రశ్న వేయుచున్నాను. క్రీస్తుశకము 6వ శతాబ్దమునందలి వరాహమిహిరుడు బృహత్సంహితలో నేలను పరీక్షించు విధము చెప్పెను. మూరెడు గోయి త్రవ్వి, ఆ మన్నునే తిరిగి దానిలో నింపవలెను. మన్ను చాలకున్న నేల చెడ్డది; సరిపోయిన మధ్యమము; మిగిలిన ఉత్తమము. లేదా గోతినిండ నీరు పోసి, నూఱడుగులు నడచి తిరిగి వచ్చునప్పటికి నీరు తగ్గకున్న మంచిది. నేల గట్టిదా, గుల్లదా, నీటిని పీల్చునదా యని తెలిసికొనుటయే దీని యభిప్రాయము. ఇది భయము గాదు, పరీక్ష. నేటి వాస్తుపండితులలో గడ్డపాఱ పట్టినవానిని నేనెఱుగను.

నేలను చూడనందుకు ఫలము గోడలపై కనబడును. మన తెలంగాణమున చెల్కనేలలును గలవు, నల్లరేగడియు గలదు. రేగడి వానకు ఉబ్బును; ఎండకు కుంచించుకొని నెఱ్ఱెలు విచ్చును. దానిపై లోతులేని పునాది వేసిన గోడలు కొలదికాలముననే బీటలు వాఱును. బీట కనబడగానే వీధిపోటని శాంతులు చేయింతురు. మందు వేఱొకటి గలదు: రేగడిని తొలగించి మొరము నింపి దిమ్మిస కొట్టుట, పునాదిని గట్టినేల వఱకు దింపుట, వాననీరు గోడమొదట నిలువకుండ వాలు నిచ్చుట.

స్లాబు సంగతియు నిట్టిదే. సుతారి మేస్త్రి పని తేలికగుటకై కంకరమాలులో నీరు కుమ్మరించును. సాధారణమైన స్లాబుమాలులో 50 కిలోల సిమెంటు సంచికి 30 లీటర్లకు మించి నీరు పోయరాదని భారత ప్రమాణసంస్థ నియమము. పోసిన స్లాబును 7 దినములకు తక్కువ గాకుండ, మా వేసవివంటి పొడియెండలలో 10 దినములైనను తడిపియుంచవలెను. ముహూర్తము గడియ తప్పినందుకు కుమిలిపోవు గృహస్థు, మూడవనాడే తడుపుట మానినందుకు విచారింపడు. వానకాలమున స్లాబు కురియుచుండగా గ్రహములను నిందించును.

అన్నిటికంటె ఘోరమైనది మఱొకటి గలదు. బోరు ఈశాన్యమునను, మరుగుదొడ్డి గోయి వాయవ్యమునను ఉండవలెనని ఉపదేశింతురు. ఇండ్లు ఒక వరుసలో నున్నప్పుడు నా వాయవ్యమే నా పడమటి పొరుగువాని ఈశాన్యము గదా! ఇరువురమును నియమము తప్పక పాటించినచో నా గోతిలోని మురుగు వాని బోరుప్రక్కనే యింకును. నా తూర్పువాని మురుగు నా బోరుప్రక్కన నింకును. గోతికిని త్రాగునీటికిని 10 మీటర్ల యెడమైన నుండవలెనని పారిశుద్ధ్యమెఱిగినవారు చెప్పుదురు. వరుస యంతయు వాస్తుశుద్ధమై, వరుస యంతయు విరేచనములతో మంచము పట్టుటకు ఇంతకంటె సులభమైన మార్గము గలదా?

దిక్కులకు అర్థము లేదని నేననను. సూర్యుడును గాలియు వానికి అర్థము కల్పించినవి. రోమకశిల్పియైన విట్రూవియసు రెండువేల యేండ్ల క్రిందట, పడకగదులు తూర్పు చూడవలెననియు, చలికాలపు భోజనశాల పడమర చూడవలెననియు కారణములతో వ్రాసెను. సాయంకాలపు వెచ్చదనము చలిదేశమువానికి భోగము. మాకో, పడమటి గోడ వేసవి మధ్యాహ్నమున కాగి రాత్రియెల్ల నిదురపోనీయదు. అచ్చట చెట్టో పందిరియో కావలెను. కారణము తెలిసిన దిక్కు చేతికఱ్ఱ. కారణము తెలియని దిక్కు బెత్తము.

“మనశ్శాంతికొఱకు పాటింతుము, మీకేమి నష్టము?” అని కొందఱందురు. శాంతికొఱకే యైనచో ఒకనిమాట విని యూరకుండవలెను గదా! బిడ్డకు జ్వరము వచ్చినప్పుడెల్ల వైద్యునియొద్దకు పోక గోడవంక చూచుట శాంతి యెట్లగును? నష్టపడువాడు ఆ బిడ్డయే.

చదువరులారా! ముగ్గు పోయుటకు ముందు గోయి త్రవ్వి నేలను చూడుడు. పొరుగువాని బోరెక్కడనో అడుగుడు. మేస్త్రి పోయు నీటిని కొలువుడు. గేటుకు రంగు వేయుటకు ముందు మరుగుదొడ్డి పూర్తిచేయుడు. ఆ పిమ్మట ఇంకను సొమ్మును తీరికయు మిగిలినచో, దిక్కుల సంగతి చూచుకొందురుగాక!