బ్రహ్మాస్త్రమునకు మరునాడు

2025 మే 7వ తేదీ సాయంకాలము 4 గంటలకు హైదరాబాదు నగరమున సైరనులు మ్రోగినవి. ఆనాటి పౌర రక్షణ అభ్యాసమునకై ఎన్నుకొనిన నాలుగు తావులలో మౌలాలి వద్దనున్న అణు ఇంధన సముదాయము ఒకటి. తార్నాక చౌరస్తా నుండి అది ఎంతో దూరము కాదు. ఆ వేళ నేను ఉస్మానియా ప్రాంగణమున ఒక చెట్టు నీడను ఇద్దరు విద్యార్థులతో మాటలాడుచుంటిని. కూత వినబడగానే వారిలో ఒకడు జేబులోని ఫోను తీసి చూచుకొని, "నాది కాదు సార్, ఎవరో న్యూస్ పెట్టినట్టున్నారు" అనెను. ముగ్గురమును నవ్వితిమి. ఇంటికి వచ్చిన పిదప ఆ నవ్వు నాకు చేదుగా తోచినది.

తప్పు ఆ పిల్లవానిది కాదు. ఆ దినములలో వార్తా ఛానెళ్ళు సైరను మ్రోతను నేపథ్య సంగీతము వలె వాడుకొనినవి. ప్రజలకు అవగాహన కలిగించు కార్యక్రమములందు తప్ప ఆ ధ్వనిని వినిపింపవలదని మే 10వ తేదీన కేంద్ర హోం శాఖలోని పౌర రక్షణ విభాగము ప్రసార మాధ్యమములను కోరవలసి వచ్చెను. చిన్న తరగతులలో "నాన్నా పులి" కథ చెప్పు మనకు ఇందలి అపాయమును వేరుగా వివరింప నక్కరలేదు. అణ్వాయుధములు గల రెండు దేశములు నాలుగు దినములు తలపడగా, మన తెరపై పటములు, బాణపు గుర్తులు, మంటలు కనబడినవి. మరునాడు ఏమగునో మాత్రము కనబడలేదు.

ఈ లోపము ఆ వారమున పుట్టినది కాదు. మన తెర నేర్పిన యుద్ధ పాఠము మొదటినుండియు అస్త్ర పాఠమే. పౌరాణిక చిత్రములలో రెండు బాణములు ఆకాశమున ఎదురెదురుగా నిలుచును, నిప్పులు రాలును, ఎవరో అడ్డుపడుదురు, అంతటితో కథ ముగియును. 1967లో అణుశక్తి శాఖ క్రింద ఈ నగరముననే నెలకొల్పబడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ ఒకప్పుడు టెలివిజను పెట్టెలను తయారు చేసెడిది. 1988 నుండి 1990 వరకు దూరదర్శనులో వచ్చిన మహాభారతమును మా ఇంట అట్టి ఇ.సి. టీవీలోనే చూచితిమి. అణుశక్తి శాఖవారి పెట్టెలో బ్రహ్మాస్త్రమును చూచుచున్నామన్న ఊహ నాడు మాకెవ్వరికిని కలుగలేదు.

1991లో సింగీతం శ్రీనివాసరావుగారు తీసిన "ఆదిత్య 369" ఒక అడుగు ముందుకు వేసినది. కాలయంత్ర మెక్కిన నాయకుడు శ్రీకృష్ణదేవరాయల కొలువు చూచి, పిదప క్రీ.శ. 2504లో దిగును. అణుయుద్ధమున పాడైన ఆ కాలమున మనుష్యులు నేల క్రింద బ్రతుకుచుందురు. అప్పటికి నేను విద్యార్థిని. హాలు వెలుపలికి వచ్చిన మా మిత్రబృందము రాయల సభను గూర్చి దారి పొడుగునను మాటలాడినదే కాని, నేల క్రింది జనమును గూర్చి ఒక్క మాట అనలేదు. 2024లో వచ్చిన "కల్కి 2898 ఏ.డి." అణుయుద్ధ కథ కాదు, అయినను వనరు లింకిన కాశీనగరమును, ఆకలిగొన్న ప్రజలను అది చూపినది. దానిని గూర్చిన చర్చయు ఎక్కువగా వాహనముల మీదను, పోరాటముల మీదను సాగినది.

పాశ్చాత్యులు మరునాటిపై దృష్టి నిలిపి కొన్ని చిత్రములు తీసిరి. 1983 నవంబరు 20న అమెరికాలో ప్రసారమైన "ది డే ఆఫ్టర్" అను చిత్రమును సుమారు 10 కోట్లమంది చూచిరి. దాని కథ చాల వరకు లారెన్సు అను పట్టణమున నడచును. అదియు మన ఉస్మానియా వలె విశ్వవిద్యాలయము గల తావే. ముందుగా ఆ చిత్రమును చూచిన అధ్యక్షుడు రీగను, అది తన మనస్సును మిక్కిలి క్రుంగదీసినదని దినచర్యలో వ్రాసుకొనెను. మరుసటి యేడు బ్రిటనులో వచ్చిన "థ్రెడ్స్" ఇంకను కఠినమైనది. షెఫీల్డు నగరముపై బాంబు పడిన పిదప పదేండ్లకు పైబడిన కాలమును అది చూపును. యుద్ధానంతరము పుట్టిన పిల్లలు అరిగిపోయిన పాత వీడియో ముందు కూర్చుండి పాఠము వినుచుందురు. వారి నోట వాక్యము లేదు; తెగిన మాటల ముక్కలే. భాష నేర్పి జీవించువాడను గనుక నాకు విస్ఫోటనము కంటె ఆ తరగతి గదియే ఎక్కువ భయము కలిగించినది. నేర్పువారు పోయిన చోట పద్యమే కాదు, మామూలు మాటయు నిలువదు.

ఇంత భయంకరమైన దానిని పిల్లలకు చూపవచ్చునా అని కొంద రడుగవచ్చును. ఈ శంక క్రొత్తది కాదు. పీటర్ వాట్కిన్సు 1965లో తీసిన "ది వార్ గేమ్" మిక్కిలి భీకరముగా నున్నదని బి.బి.సి. దానిని 1985 వరకు ప్రసారము చేయలేదు. ఏ వయస్సువారికి ఏది చూపవలెనో ఉపాధ్యాయుడు తప్పక విచారింపవలెను. కాని భయము లేకుండ మంటలను మాత్రమే చూపుట అంతకంటె అపాయకరము. అది యుద్ధమును వేడుకగా చేయును.

నిజమునకు మరునాటిని చూచుట మనకు పరాయి విద్య కాదు. సౌప్తిక పర్వమున అశ్వత్థామ, అర్జునుడు అస్త్రములు విడువగా వ్యాస నారదులు నడుమ నిలిచిరి. అర్జునుడు తన అస్త్రమును మరలించెను. అశ్వత్థామకు మరలించుట చేతకాలేదు. అది ఉత్తర గర్భమునకు తగిలెను. బ్రహ్మశిరోస్త్రము మరియొక మహాస్త్రముచే అడ్డగింపబడిన దేశమున పన్నెండేండ్లు వాన కురియదని వ్యాసభారతము చెప్పుచున్నది. కవి దృష్టి మెరుపు మీద లేదు. పుట్టబోవు శిశువు మీద, రానున్న వాన మీద ఉన్నది. దీనిని బట్టి పూర్వులకు అణుబాంబు తెలియునని వాదించుట పొరపాటు. వారికి తెలిసినది యుద్ధ ఫలము. 2019లో "సైన్స్ అడ్వాన్సెస్" పత్రికలో ప్రకటింపబడిన అధ్యయనము, 2025లో భారత పాకిస్తానుల నడుమ అణుయుద్ధము జరిగినట్లు ఊహించి లెక్క కట్టినది. బాంబుల ప్రత్యక్ష ప్రభావము వలననే 5 కోట్ల నుండి 12.5 కోట్లమంది మరణింతురనియు, ఆకాశమున క్రమ్మిన మసి వలన ప్రపంచమున వర్షపాతము 15 నుండి 30 శాతము తగ్గవచ్చుననియు తేల్చినది.

భారతమున పరీక్షిత్తును బ్రతికించుటకు శ్రీకృష్ణు డుండెను. మన లెక్కలో అట్టివాడు లేడు. కనుక ఉపాధ్యాయ సోదరులకు నా మనవి ఒక్కటే. ఏటేట ఆగస్టు 6న, హిరోషిమా దినమున, ఒక పీరియడు కేటాయించి విద్యార్థులు తాము చూచిన యుద్ధ చిత్ర మేదైనను చెప్పనిండు. పిదప ఒక్క ప్రశ్న అడుగుడు: మరునాడు ఆ ఊరిలో నీరు ఎవరు తెచ్చిరి? బడి ఎవరు తెరచిరి? చిత్రము సమాధానము చెప్పనిచో, దానిని పిల్లలనే వ్రాయమనుడు. అట్లు వ్రాసిన విద్యార్థి మరల సైరను వినినప్పుడు ఫోను వైపు చూడడు.