తగ్గింపు ధరకు పాత నమూనా సైకిలు: లాభమా, నష్టమా?

ఈ మాసం మన శీర్షికకు అందిన ప్రశ్నలలో ఒకటి దేశ రాజధాని ప్రాంతంలో నివసించే అనేక ఉద్యోగి కుటుంబాలకు ఉపకరించేదిగా ఉన్నది. కళాశాలలో చదువుతున్న తన కుమార్తెకు గ్రావెల్ సైకిలు కొనదలచిన ఒక సహోద్యోగికి ఝండేవాలాన్ సైకిలు బజారులో రెండు సైకిళ్ళు నచ్చాయి. ఒకటి మూడేళ్ళ క్రితపు నమూనా. వాడనిదే గాని దుకాణంలో నిలిచిపోయిన సరుకు, నూటికి 25 వంతులు తగ్గింపు. రెండవది ఈ సంవత్సరపు నమూనా, పూర్తి ధర. ఏది కొనడం మేలు అని వారి ప్రశ్న. ఇందులో ఇమిడి ఉన్నవి రెండు: కుటుంబం కూడబెట్టుకొన్న సొమ్ము, రద్దీ రహదారిపై ప్రయాణించే బిడ్డ క్షేమం.

గ్రావెల్ రోడ్డు అనే మాట మన పల్లెవాసులకు కొత్త కాదు. తారు రోడ్డు మీదా, కంకర బాట మీదా ఒకే తీరున నడిచేందుకు రూపొందించినదే గ్రావెల్ సైకిలు. హ్యాండిలు పందెపు సైకిలుకు వలె క్రిందికి వంగి ఉంటుంది. టైర్లు మాత్రం సుమారు 35 నుండి 50 మిల్లీమీటర్ల వెడల్పు కలిగి ఉంటాయి. గుంతలు, అతుకులు నిండిన మన నగర వీధులకు ఈ వెడల్పు టైరు ఎంతో అనుకూలం.

వెనుకటి కాలంలో పాతదా, కొత్తదా అనే సందేహానికే తావు లేదు. 1951లో సోనీపత్‌లో ఆరంభమైన అట్లాస్ సంస్థ సైకిలును గాని, 1956లో లూధియానాలో మొదలైన హీరో సంస్థ సైకిలును గాని తీసుకొంటే, సాధారణ నల్ల సైకిలు కొలతలు దశాబ్దాల తరబడి దాదాపు మారలేదు. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే, సాహిబాబాద్‌లోని అట్లాస్ కర్మాగారం మూతపడింది. వందలాది కార్మిక కుటుంబాలకు అది తీరని ఆఘాతం. అయినను, ఆ సైకిళ్ళు కలవారికి గొలుసుకో, టైరుకో, పెడలుకో కరవు రాలేదు. తయారు చేసిన సంస్థ నిలిచిపోయినా, కొలత నిలిచి ఉన్నందున వస్తువు బ్రతికింది.

గ్రావెల్ సైకిలు విషయం వేరు. దీని కొలతలు కొద్ది సంవత్సరాలకే మారుతున్నాయి. షిమానో సంస్థ ఈ సైకిళ్ళ కోసమే ప్రత్యేకంగా గేర్ల సామగ్రిని 2019లో ప్రవేశపెట్టింది. వెనుక చక్రానికి 10 గేర్లు ఉన్న సైకిలు గొలుసు 12 గేర్లు ఉన్న దానికి సరిపోదు. చక్రపు ఇరుసులు కూడా రెండు విధాలు: సన్నని కడ్డీతో, మీటతో బిగించే పాత పద్ధతి, ఫ్రేములో నుండి దూర్చి మరతో బిగించే 12 మిల్లీమీటర్ల లావుపాటి ఇరుసు. ఒక పద్ధతి చక్రాలు రెండవ పద్ధతి ఫ్రేముకు సాధారణంగా అమరవు.

ఇక ధర. ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. 2025 సెప్టెంబరు 22 నుండి సైకిళ్ళపై జీఎస్టీ 12 శాతం నుండి 5 శాతానికి తగ్గింది. పాత సరుకుపై ముద్రించిన ధర 89,600 రూపాయలనుకొందాం. అందులో అసలు ధర 80,000, పన్ను 9,600. నేటి పన్నుతో అదే సైకిలు 84,000 కావాలి. దుకాణదారు ముద్రిత ధరపై 25 శాతం తగ్గించి 67,200 అన్నాడంటే, నిజమైన తగ్గింపు 20 శాతమే. మిగిలినది ప్రభుత్వం తగ్గించిన పన్ను.

కొత్త నమూనా 92,000 అనుకొంటే వ్యత్యాసం 24,800. పాత సరుకుకు టైర్లు, ట్యూబులు, తీగలు మార్చి బాగుచేయించడానికి 7,000 అయినా, ఇంకా 17,800 మిగులుతుంది. ఈ సొమ్ముకు కొత్త నమూనా అదనంగా ఏమి ఇస్తున్నదన్నదే అసలు ప్రశ్న.

తరచుగా ఆ సమాధానం బ్రేకులలో ఉంటుంది. కొత్త వాటికి ద్రవపు ఒత్తిడితో పనిచేసే డిస్క్ బ్రేకులు, పాత వాటికి తీగతో లాగే డిస్క్ బ్రేకులు ఉండడం కద్దు. మొదటివి తక్కువ బలంతో చక్కగా పట్టుకొంటాయి. కాని వాటిలోని ద్రవం మార్చడానికి తర్ఫీదు పొందిన మెకానిక్కు అవసరం. రెండవవి వీధి చివరి మెకానిక్కు సైతం సరిచేయగలడు. సమతలమైన ఢిల్లీలో నిత్యం కళాశాలకు వెళ్ళి వచ్చేందుకు తీగ బ్రేకులు చాలు. సెలవులలో కొండదారుల యాత్రలు చేయదలచినవారికి మాత్రం ద్రవపు బ్రేకులకు పెట్టే ఖర్చు వృథా కాదు.

మన సంస్థలలో యంత్రాలు కొనేటప్పుడు టెండరులోని అతి తక్కువ అంకె ఒక్కటే చూడము. విడిభాగాల లభ్యతను, నిర్వహణ వ్యయాన్ని కూడా లెక్కిస్తాము. ఇంటి కొనుగోలుకూ అదే సూత్రం వర్తింపజేయాలి. బఱ్ఱె నీళ్ళలో ఉండగా బేరమాడరాదని పెద్దలన్నారు. పాత సరుకును వెలుతురులోకి తెప్పించి చూడండి. టైరు ప్రక్కభాగాన పగుళ్ళు ఉన్నవా? గొలుసు తుప్పు పట్టినదా? ఫ్రేముపై దెబ్బలు ఉన్నవా? కార్బన్ ఫ్రేమయితే మరింత జాగ్రత్త; లోపలి చిట్లు పైకి కనబడకపోవచ్చు.

అన్నిటికన్న ముఖ్యం ఫ్రేము కొలత. నిలిచిపోయిన సరుకులో తరచుగా మిగిలేవి మరీ పెద్దవి, లేదా మరీ చిన్నవి. పొడుగు చాలని పిల్లకు పెద్ద ఫ్రేము అంటగడితే నడుము నొప్పి, భుజాల నొప్పి తప్పవు. అదుపు కూడా తప్పుతుంది. కొలత సరిపోని సైకిలు సగం ధరకు వచ్చినా ఖరీదైనదే.

రసీదు లేకుండా కొనవద్దు. పూచీ కొన్న తేదీ నుండి వర్తిస్తుందని వ్రాయించుకోండి. రసీదు ఇవ్వకపోవడం, లోపమున్న వస్తువును రసీదులోని గడువులోగా, గడువు లేనిచో 30 దినాలలోగా, వాపసు తీసుకోక నిరాకరించడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతులు. జాతీయ వినియోగదారుల సహాయవాణి సంఖ్య 1915.

కనుక మన సోదరునికి సమాధానం ఇది. పాత నమూనాకు డిస్క్ బ్రేకులు, లావుపాటి ఇరుసు, 40 మిల్లీమీటర్ల టైరు పట్టేంత ఎడం ఉండి, ఫ్రేము అమ్మాయి కొలతకు సరిపోతే, నిస్సంకోచంగా అదే కొనండి. వీటిలో ఇరుసుగాని, టైరు ఎడముగాని, కొలతగాని లోపిస్తే తగ్గింపుకు ఆశపడవద్దు. ఎందుకంటే ఇవి తరువాత మార్చుకోగలిగినవి కావు. మిగిలిన సొమ్ములో మొదట మంచి శిరస్త్రాణం, ముందూ వెనుకా దీపాలు, గట్టి తాళం కొనండి. గాలి కలుషితమయ్యే శీతాకాలపు దినాలలో సైకిలు ఇంటనే ఉంచి, అమ్మాయిని మెట్రోలో పంపండి. మంచి గాలి వీచే ఉదయాలు ఆ సైకిలు కోసం ఎన్నో మిగిలి ఉంటాయి.