ఆమె పేరు చెప్పి ఎవరిని కాపాడుతున్నారు?

బీడీ మీద పన్ను పెంచాలన్నా, బీడీకట్ట మీద హెచ్చరిక బొమ్మ పెద్దది చేయాలన్నా వెంటనే తెచ్చి ముందు నిలబెట్టేది బీడీలు చుట్టే ఆడవాళ్లనే. లక్షలాది పేద స్త్రీల నోటికాడి కూడు తీసేస్తారా అని అడుగుతారు. అడిగేది ఎవరు? వెయ్యి బీడీలకు ఇంత అని కూలి కట్టి, నాసిరకమని కొన్ని విరిచి పారేసి, ఆ మేరకు కూలి కోసేవాళ్లు. గుర్తింపు కార్డులు ఇవ్వకుండా, భవిష్యనిధి కట్టకుండా ఏళ్లకేళ్లు తప్పించుకున్నవాళ్లు. వీళ్ల నోట పేద స్త్రీ మీద జాలి వినపడితే మనకు అనుమానం రావాలి. కానీ మన సంఘాల్లో కూడా కొందరు ఆ వాదననే మోస్తున్నారు. నా అభ్యంతరం అక్కడే.

పొగాకు తగ్గించే కార్యక్రమాల వల్ల ఒరిగిందేమీ లేదనడం సరికాదు. 2003లో చట్టం వచ్చింది. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ స్థలాల్లో పొగతాగడం మీద కొత్త నిబంధనలు అమలయ్యాయి. 2009లో ప్యాకెట్ల మీద బొమ్మల హెచ్చరికలు మొదలయ్యాయి. 2009-10 జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో 34.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని తేలింది. 2016-17 సర్వే నాటికి అది 28.6 శాతానికి దిగింది. స్త్రీలలో 20.3 నుంచి 14.2కి తగ్గింది. ధర, బొమ్మ, నిషేధం, సలహా కలిసి నడిస్తే అలవాటు తగ్గుతుంది.

అయితే స్త్రీల దగ్గరికి ఈ కార్యక్రమం ఎలా చేరాలి? దానికి జవాబు మన రాష్ట్రంలోనే దొరికింది. ఉత్తర కోస్తాలో ఆడవాళ్లు చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని తాగుతారు. అడ్డపొగ అంటారు. అంగిలి కాలి పుండ్లు పడి, కొందరికి క్యాన్సర్ అవుతుంది. టాటా పరిశోధనా సంస్థకు చెందిన దంత పరిశోధకులు శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్ జిల్లాల్లో 36 వేలకు పైగా పొగాకు వాడేవాళ్లను ఎంచుకున్నారు. ఇంటింటికీ వెళ్లారు, ఏటా నోరు పరీక్షించారు, ఎదురుగా కూర్చుని మానమని నచ్చజెప్పారు. 1986లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, అలా చెప్పని రోజులతో పోలిస్తే అలవాటు మానినవాళ్లు బాగా ఎక్కువయ్యారు. చదువురాని పల్లె స్త్రీకి చెబితే ఏం అర్థమవుతుందని పెదవి విరిచేవాళ్లకు ఇదే సమాధానం. ఆమె గడప దాకా వెళ్లి, ఆమెను మనిషిగా ఎంచి మాట్లాడారు, ఆమె విన్నది.

ఆ పద్ధతి తర్వాత ఎందుకు పక్కకు పోయింది? మన చట్టం బజారును చూసింది, సినిమా హాలును, బస్టాండును చూసింది. ఇంటి లోపలికి రాలేదు. 2016-17 సర్వేలోనే 38.7 శాతం మంది ఇంట్లో ఇతరుల పొగ పీలుస్తున్నామని చెప్పారు. బస్టాండులో బీడీ వెలిగిస్తే 200 రూపాయల దాకా జరిమానా ఉంది. అదే బీడీ ఒంటిగది ఇంట్లో బాలింత పక్కన వెలిగిస్తే అది మగవాడి సొంత వ్యవహారం. భర్త బీడీ ఖర్చు పోయేది ఇంటి డబ్బుల్లోంచి. అతనికి క్షయో క్యాన్సరో వస్తే మంచం పక్కన చాకిరీ చేసేది, అప్పు తెచ్చేది భార్య. ఈ లెక్క ఏ ఆరోగ్య శాఖ పుస్తకంలోనూ ఉండదు.

ఇక బీడీ చుట్టే స్త్రీ సంగతి. దేశంలో నమోదైన బీడీ కార్మికులు సుమారు 50 లక్షలు, వాళ్లలో ఎక్కువమంది స్త్రీలు. నిజామాబాద్, కరీంనగర్ పల్లెల్లో నేను పరిశోధన కోసం తిరిగినప్పుడు, చాట ఒళ్లో పెట్టుకుని వంగి కూర్చున్న ఆడవాళ్లు నడుం నొప్పి గురించి, తంబాకు ధూళికి వచ్చే దగ్గు గురించి చెప్పారు. కూతురికి మాత్రం ఈ పని వద్దని దాదాపు అందరూ అన్నారు. ఈ పనిని కాపాడమని ఉద్యమించేవాళ్లు ఆ మాట ఎప్పుడైనా విన్నారా?

వాళ్ల పేరు చెప్పి జరిగినదేమిటో చూద్దాం. ప్యాకెట్టు మీద 85 శాతం మేర హెచ్చరిక ఉండాలని 2014లో ఆదేశం వచ్చింది. 2015 ఏప్రిల్‌లో అమలు కావలసింది. పార్లమెంటు సంఘం ఒకటి ఆపమంది. ఆ సంఘంలో బీడీ వ్యాపారి అయిన ఎంపీ కూడా సభ్యుడే. అమలుకు మరో ఏడాది పట్టింది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు సిగరెట్ల మీద వేసిన పరిహార సెస్సు బీడీ మీద వేయలేదు. 2025 సెప్టెంబరులో ఇతర పొగాకు సరుకుల మీద పన్ను 40 శాతం చేయాలని నిర్ణయించిన జీఎస్టీ మండలి, బీడీకి మాత్రం 28 నుంచి 18కి, తునికాకుకు 18 నుంచి 5కి తగ్గించాలని నిర్ణయించింది.

పన్ను తగ్గినంత మాత్రాన వెయ్యి బీడీల కూలి పెరుగుతుందా? అలాంటి షరతు ఎవరూ పెట్టలేదు. పైగా ఆమెకు నిజంగా దక్కవలసినది పోయింది. 1976 చట్టం కింద బీడీల మీద వసూలు చేసిన సంక్షేమ సెస్సు ఆమె వైద్యానికి, పిల్లల చదువుకి, ఇంటికి ఉద్దేశించినది. 2017 జులైలో జీఎస్టీతో పాటు అది రద్దయింది. అప్పుడు ఈ జాలిపరులు ఎక్కడున్నారు? తెలంగాణలో 2015లో మొదలైన బీడీ కార్మికుల భృతి మంచిదే. కానీ భవిష్యనిధి ఖాతా ఉండాలన్నారు. ఖాతా తెరవకుండా తప్పించుకున్నది యజమాని, భృతి పోగొట్టుకున్నది ఆమె.

పన్ను పెంచితే ఈ స్త్రీలు ఏం తిని బతకాలన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు చెప్పవలసింది ప్రభుత్వం. మనదేశం 2004లో ఆమోదించిన ప్రపంచ పొగాకు నియంత్రణ ఒప్పందం 17వ అధికరణం పొగాకు కార్మికులకు ప్రత్యామ్నాయ ఉపాధి చూపడాన్ని ప్రోత్సహించాలంటుంది. ఇరవై ఏళ్లు దాటింది. ఆమెకు ఇంకో పని చూపకపోతే ఆమె పేదరికం బీడీ యజమానికి డాలుగా మిగిలిపోతుంది.

అందుకే మన సంఘాలు బీడీ పన్ను పెంపును వ్యతిరేకించడం మానాలి. సిగరెట్‌తో సమానంగా పన్ను వేయమని, అందులో నిర్ణీత భాగం చట్టం ప్రకారం కార్మికురాలికి కేటాయించమని అడగాలి. ఆ డబ్బుతో ఆమెకు వేరే పని నేర్పాలి, నేర్చుకునే కాలానికి భృతి ఇవ్వాలి. చుట్టే ప్రతి స్త్రీకీ గుర్తింపు కార్డు, భవిష్యనిధి ఉండాలి. శ్రీకాకుళంలో చేసినట్టు ఏటా ఇంటికి వచ్చి నోరు, ఊపిరితిత్తులు పరీక్షించాలి. ఆశా కార్యకర్త చేతిలో మరో రిజిస్టరు పెట్టి ఊరుకుంటే కుదరదు, ఆ పనికి ఆమెకూ వేతనం ఇవ్వాలి. ఇవి అడగకుండా బీడీ పరిశ్రమను కాపాడమంటూ మనం పట్టుకునే ప్రతి బ్యానరూ యజమాని ఖర్చు లేకుండా చేయించుకుంటున్న ప్రచారమే అవుతుంది.