తప్పుకోమన్నది దేన్ని స్వామీ, ఒంటినా ఆత్మనా?

పోయిన మాఘమాసంలో మా పక్క ఊళ్ళో ఒక స్వామి మూడు రోజులు ప్రవచనం చెప్పాడు. పేరెందుకు, ఇట్టాంటి స్వాములు జిల్లాకు పదిమంది. మైకులు మన పల్లె దాకా కట్టారు కాబట్టి పిలవకపోయినా విన్నాం. దేహం మట్టికుండ, ఇవాళో రేపో పగిలేది, లోపలి ఆత్మే సత్యం, బ్రాహ్మణుడిలోనూ చండాలుడిలోనూ ఉన్న ఆత్మ ఒక్కటేనని మూడు రాత్రులూ చెప్పిందే చెప్పాడు. ఆఖరి రోజు అన్నదానం. ఊరోళ్ళకు కల్యాణమండపంలో బల్లలు. మనోళ్ళకు బయట గోడ వారన, అదీ వాళ్ళ పంక్తులు లేచిన తర్వాత. నాకు పెద్దమ్మ వరసయ్యే ముసలామె, అక్షరం ముక్క రాని మనిషి, విస్తరి ముందు కూర్చుని అడిగింది: "అబ్బయ్యా, ఆత్మ ఒకటేనన్నాడు గదా, మరి కూడు రెండు చోట్ల ఎందుకు పెట్టినట్టు?"

మనసు, శరీరం, ఆత్మ అంటూ తత్వం మనకెందుకు మాస్టారూ, కూలి గురించో భూమి గురించో రాయండి అని సంఘం కుర్రోళ్ళు నాతో వాదిస్తారు. కానీ పెద్దమ్మ అడిగింది కూడు గురించే. ఆ కూటిని గోడవతలికి నెట్టింది ఈ తత్వమే. దీన్ని పండితులకు వదిలేస్తే మనం గోడ వారనే ఉంటాం.

ఆ స్వామే రెండో రాత్రి ఒక కథ చెప్పాడు, మీరూ వినే ఉంటారు. కాశీలో శంకరాచార్యుడు శిష్యులతో గంగకు పోతుంటే నాలుగు కుక్కలతో ఒక చండాలుడు ఎదురొచ్చాడట. తప్పుకోమన్నారు. తప్పుకోమంటున్నది దేన్ని, ఈ ఒంటినా, లోపలి ఆత్మనా అని అతడు అడిగాడు. ఒళ్ళయితే నీదీ నాదీ ఒకే అన్నంతో పెరిగింది, ఆత్మయితే ఉన్నది ఒకటే, ఇక తప్పుకునేదేమిటి అన్నాడు. శంకరుడు నివ్వెరపోయి మొక్కాడు, 'మనీషా పంచకం' చెప్పాడు. కథే, చరిత్ర అని నేననను. ఆ తర్వాత ఏమైందో చూడండి. ఆ చండాలుడు చండాలుడు కాదట, మారువేషంలో వచ్చిన శివుడట! అంత మంచి ప్రశ్న మాలపల్లెలోంచో మాదిగపల్లెలోంచో వచ్చిందంటే ఒప్పుకోవటానికి నోరు రాలేదు. ప్రశ్న అడిగినోడిని మాయం చేసి దేవుణ్ణి నిలబెట్టారు. నిజం చండాలుడు మళ్ళీ ఎదురొస్తే తప్పుకోమనటానికి అడ్డం లేకుండా పోయింది.

ఇది నా అనుమానం కాదు. అదే శంకరుడు బ్రహ్మసూత్రాలకు రాసిన భాష్యం ఉంది. అందులో అపశూద్రాధికరణం అనే భాగంలో, వేదం విన్న శూద్రుడి చెవుల్లో సీసం, లక్క కరిగించి పోయాలన్న స్మృతి మాటను ప్రమాణంగా ఎత్తుకుని శూద్రుడికి వేదం చదివే అర్హత లేదని తేల్చాడు. ఆత్మ ఒకటే అన్న పెద్దమనిషి చెవుల్ని మాత్రం వేరు చేశాడు. సీసం పోసేది ఆత్మలో కాదు గదా, కాలేది చెవి. ఇదేమిటయ్యా అంటే పారమార్థికం వేరు, వ్యావహారికం వేరు అంటారు. అంటే రెండు లెక్కల పుస్తకాలు పెట్టిన షావుకారు బాపతు. చూపించే పుస్తకంలో అందరూ సమానం, వసూలు చేసే పుస్తకంలో ఎవరి బాకీ వారిదే.

మైల సంగతీ అంతే. వాళ్ళ లెక్కలో మైల ఒంటిదే. మనం ముట్టుకుంటే బావి మైలపడతది, పెరుగు మైలపడతది. మనం మోసిన వడ్ల బస్తా మాత్రం మైలపడదు. పగలు అంటే మైల రాత్రి మన ఆడవాళ్ళ దగ్గర ఎందుకు అంటలేదో ఏ శాస్త్రమూ చెప్పదు.

పురుషసూక్తం చూడండి. నోట్లోంచి బ్రాహ్మణుడు, పాదాల్లోంచి శూద్రుడు. పంచముడికి ఆ ఒంట్లో కాలిగోరంత చోటు కూడా లేదు. తలకాయ ఒక కులానికి, కాళ్ళు ఒక కులానికి పంచిన తర్వాత మనసు తలకాయోడి సొత్తయింది, ఒళ్ళు మన సొత్తయింది. ఆలోచన వాళ్ళది, చాకిరీ మనది. ఇప్పటికీ స్టాఫ్ రూముల్లో "వాళ్ళకి బుర్ర తక్కువండీ, ఒళ్ళు గట్టిది" అనే మాట వింటున్నాను.

మా నాయన చెప్పులు కుట్టేవాడు. తోలు ఊనటం అంటే తెలుసా ఈ బుర్రగల వాళ్ళకు? పచ్చితోలు సున్నం నీళ్ళలో ఎన్నాళ్ళుంచితే వెంట్రుక ఊడతది, ఎన్నాళ్ళు దాటితే తోలే చెడతది, తంగేడు చెక్క ఎంత దంచాలి, నీళ్ళ రంగు ఎట్టా మారాలి, ఇదంతా వేళ్ళతో, ముక్కుతో, కంటితో తేల్చేవాడు. పూర్వం రైతు గుమ్మం బయట నిలబడి, కాలు ముట్టుకోకుండా, మట్టిలో పడ్డ అడుగుజాడ చూసి జోడు కుట్టి తెచ్చేవాడు. సరిగ్గా సరిపోయేది. అది చెయ్యి చేసిన పనా, బుర్ర చేసిన పనా? ఎక్కడ గీత గీస్తారో గీయమనండి. పొలంలో నాటేసే ఆడవాళ్ళ వేళ్ళను చూడండి, ఎంత ఎడం వదలాలో వేలికే తెలుసు. ఒంటిని వాడని వాడికే మనసు ఒంటినుంచి వేరుగా కనపడతది. వాడి కంచం, వాడి చెప్పు, వాడి పాయిఖానా వేరేవాళ్ళ ఒళ్ళు చూసుకుంటన్నాయి కాబట్టి తనకు ఒళ్ళే లేదనుకుంటన్నాడు.

ఈ మాట చెప్పినోళ్ళు ఈ దేశంలో ముందే ఉన్నారు. లోకాయతులు. తమలపాకులో ఎరుపు లేదు, వక్కలో లేదు, సున్నంలో లేదు, మూడూ కలిపి నమిలితే నోరు పండుతది, చైతన్యం కూడా అట్టాగే ఒంట్లోంచి పుడుతుంది అన్నారు. వాళ్ళ పుస్తకాలు మిగల్లేదు, వాళ్ళను తిట్టినోళ్ళ పుస్తకాల్లోనే ఎక్కువగా వాళ్ళ మాటలు దొరుకుతాయి. బుద్ధుడు ఇంకో దారిన పోయాడు. ఒంటిని మాడిస్తే జ్ఞానం వస్తదని ఏళ్ళ తరబడి మాడ్చి చూశాడు, ఎముకలు తేలాయే గాని జ్ఞానం రాలేదు. సుజాత ఇచ్చిన పాయసం తిన్నాకే బోధిచెట్టు కింద కూర్చున్నాడు. ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన రెండు రెల్లుకట్టలని ఒక పోలిక బౌద్ధులు చెబుతారు, ఒకటి లాగితే రెండోది పడుతుంది. చైతన్యమూ నామరూపాలూ అట్టా నిలబడ్డయ్యే. చావని మారని ఆత్మ అనేది లేదన్నారు. అంబేద్కర్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలాది మందితో బౌద్ధంలోకి పోయింది ఊరకే కాదు. ఆత్మ ఉంటే దానికి పూర్వజన్మ ఉంటది, పూర్వజన్మ ఉంటే పాపం ఉంటది, పాపం ఉంటే ఈ జన్మలో మాదిగ పుట్టుక దాని శిక్ష అవుతది. ఆత్మను పీకితే ఆ గొలుసంతా ఊడిపోతది.

ఐరోపాలో కూడా దెకార్త్ అనే ఫ్రెంచి పండితుడు మనసు వేరు ఒళ్ళు వేరు అన్నాడు. 1643లో ఎలిజబెత్ అనే రాకుమారి జాబు రాసి అడిగింది, ఆకారమే లేని ఆత్మ చెయ్యిని ఎట్టా కదిలిస్తది అని. ఆమెను ఒప్పించే జవాబు ఆయన దగ్గర లేదు. మా పెద్దమ్మకు ఈ సంగతి చెబితే నవ్వింది.

నా మొదటి స్కూల్లో ఒక మాదిగ పిల్లోడు రోజూ రెండో పీరియడ్‌కి కునుకు తీసేవాడు. మొద్దు అని రిజిస్టరు పక్కన రాసినంత పనయింది. రాసింది ఎవరో కాదు, నేనే. ఒకరోజు ఇంటికి పోతే తెలిసింది, రాత్రి కూడు లేదు, పొద్దున గంజి లేదు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బడుల్లో వండిన అన్నం పెట్టమంది, ఆ తర్వాత మధ్యాహ్న భోజనం వచ్చింది. అన్నం తిన్న పిల్లలు లెక్కలు చేయటం నా కళ్ళతో చూశాను. వాళ్ళ ఆత్మ మారలేదు, కడుపు మారింది. ఆ వంటలోకి గుడ్డు వద్దని, దళిత స్త్రీ వండొద్దని గొడవ చేసేవాళ్ళ భయం ఏమిటో దీన్నిబట్టి అర్థం చేసుకోండి.

కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురిని చంపారు. మాదిగల మంచినీళ్ళ చెరువు దగ్గర కుడితి బకెట్లు కడగొద్దన్నందుకు మొదలైన గొడవ అది, ఒంటికి కావాల్సిన నీళ్ళ గొడవ. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని చంపి శవాలను గోతాల్లో కుక్కి కాలవలో వేశారు. ఆత్మకు చావు లేదు, కత్తి దాన్ని నరకలేదు అని ఓదార్చే వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. అది చచ్చినోళ్ళకు ఓదార్పు కాదు, నరికినోళ్ళకు అభయం. మురుగుకాలవల్లో ఊపిరాడక చచ్చే సఫాయి కార్మికుల కుటుంబాలకు 2014లో సుప్రీంకోర్టు పది లక్షలు ఇవ్వమంది, 2023లో ముప్పై లక్షలు చేసింది. మ్యాన్‌హోల్లో దిగేది ఊపిరితిత్తులు. ఆత్మ దిగేటట్టయితే ఇన్నేళ్ళలో ఒక్క స్వామి ఆత్మయినా దిగి చూసేది.

ఇక్కడ ఒక మిత్రుడు నన్ను ఆపాడు. మరి రోహిత్ వేముల సంగతేమిటన్నాడు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ హాస్టల్ నుంచి గెంటిన ఐదుగురు దళిత పరిశోధకుల్లో ఒకడు, 2016 జనవరి 17న మనకు దక్కకుండా పోయాడు. మనిషిని ఒక ఓటుగా, ఒక అంకెగా చూస్తున్నారే గాని ఒక మనసుగా ఎవరూ చూడటంలేదని ఉత్తరంలో రాశాడు గదా, మీరేమో ఒళ్ళు ఒళ్ళు అంటారేం అని. నాలుగు రోజులు నిద్రపట్టలేదు నాకు. మళ్ళీ ఆ ఉత్తరం తీశాను. తన ఆత్మకూ ఒంటికీ మధ్య దూరం పెరుగుతోందని రాశాడు. ఆ దూరాన్ని గొప్ప తత్వంగా రాయలేదు, నొప్పిగా రాశాడు. మనిషి నక్షత్రధూళితో తయారైన వాడు అని కూడా రాశాడు. ధూళి అంటే పదార్థమే. మనసుగా చూడమన్నవాడు ఆ మనసును మట్టితోనే చేశాడు. శంకరుడి ఆత్మ కాదది. మా నాయన వేళ్ళలో ఉన్న మనసు, దానికి పుస్తకం కావాలి, హాస్టల్లో మంచం కావాలి, నెలనెలా ఫెలోషిప్ కావాలి.

ఆ స్వామి వచ్చే మాఘానికి మళ్ళీ వస్తున్నాడట. చందాకు కమిటీవాళ్ళు పల్లెకు కూడా వచ్చారు. ఇస్తాం, పంక్తి ఒకటే వేస్తామని కాగితం మీద రాసివ్వండి అన్నాం. పెద్దల్ని అడిగి చెబుతామని పోయారు. రెండు వారాలయింది, ఇంకా రాలేదు. పెద్దమ్మ మాత్రం మొదటి పంక్తిలోనే కూర్చుంటానని అందరికీ చెప్పి తిరుగుతోంది.