తేలికపాటి శీతకాలం: పంటల ఎంపికకు కొలత ఏది?

తెలుగు రాష్ట్రాలలో శీతకాలం స్వల్పమైనది, తేలికపాటిది. కోస్తా, రాయలసీమ ప్రాంతాలలో చాలాచోట్ల జనవరి రాత్రులలో సైతం కనిష్ఠ ఉష్ణోగ్రత సాధారణంగా 15 డిగ్రీల సెంటీగ్రేడుకు దిగువకు పోదు. ఉత్తర తెలంగాణలోనూ, తూర్పు కనుమల మన్యంలోనూ ఏటా కొన్ని రాత్రులు 10 డిగ్రీల లోపునకు చేరుతాయి. అయినప్పటికీ లంబసింగి చలి గురించిన వార్తలు, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఆపిల్ కాసిందన్న సమాచారం రైతులలో ఒక కొత్త ఆశను రేకెత్తించాయి. చలిదేశపు పండ్లతోటలు ఇక్కడ వేయవచ్చునా అన్న ప్రశ్న విస్తరణ శాస్త్రవేత్తలకు తరచుగా ఎదురవుతున్నది. ఈ ప్రశ్నకు సమాధానం వార్తలలో లేదు, ఉష్ణోగ్రతల నమోదులో ఉన్నది. ఆ నమోదును చదవకుండా ఇచ్చే సిఫారసు రైతు భూమినీ, కాలాన్నీ పణంగా పెడుతుంది.

మొదటి చిక్కు మాటలోనే ఉన్నది. నీరు పేరి గడ్డకట్టే అనుభవం అరుదైన నేలలో ‘మంచు’ అన్న ఒక్క పదమే అనేక విషయాలను మోస్తున్నది. తెల్లవారుజామున ఆకులపై నిలిచే నీటి బిందువులు మంచు. దారిని కప్పివేసే పొగమంచు కూడా మంచే. హిమాలయాలలో కురిసేదీ మంచే. ఆకు ఉపరితలంపై తెల్లగా పేరుకొనే స్ఫటికాలూ మంచే. పంటపై వీటి ప్రభావాలు మాత్రం వేర్వేరు. ఆకులను తడిపే మంచు అనేక శిలీంధ్ర తెగుళ్లకు అనుకూలిస్తుంది. దానికి సస్యరక్షణ అవసరం. పేరిన మంచు కణాలలోని నీటిని గడ్డకట్టించి కణజాలాన్ని చంపుతుంది. దానికి మందు పిచికారీతో ప్రయోజనం లేదు. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున గల లంబసింగిలో పర్యాటకులు చూసేది చాలావరకు పొగమంచు. పొగమంచు దట్టంగా ఉన్నంత మాత్రాన ఆ ప్రాంతం ఆపిల్‌కు అనువైనదని భావించడం సరికాదు.

ఆపిల్ వంటి ఆకురాల్చే పండ్లచెట్లు శీతకాలంలో సుప్తావస్థకు చేరుతాయి. తగినంత చలి అందిన తరువాతనే వాటి మొగ్గలు సమంగా విచ్చుకొంటాయి. ఈ అవసరాన్ని శీతల గంటలలో, అంటే ఉష్ణోగ్రత 0 నుండి 7.2 డిగ్రీల మధ్య ఉన్న గంటల మొత్తంలో, లెక్కించడం పరిపాటి. డెలిషియస్ వర్గపు రకాలకు సుమారు వెయ్యి గంటలు కావాలి. ఒక గ్రామంలో రాత్రి కనిష్ఠం 5 డిగ్రీలకు తగ్గినంత మాత్రాన రాత్రంతా చలి లెక్కకు వచ్చినట్లు కాదు. ఉష్ణోగ్రత 7.2 డిగ్రీల దిగువన నిలిచేది తెల్లవారే ముందరి కొన్ని గంటలు మాత్రమే. రాత్రికి 4 గంటల చొప్పున అటువంటి రాత్రులు 30 ఉన్నాయనుకొన్నా మొత్తం 120 గంటలే అవుతాయి. పైగా పగటి ఉష్ణోగ్రత 20 డిగ్రీలు దాటితే, అంతకు ముందు కూడిన చలి ప్రభావం కొంత తరిగిపోతుంది. కాబట్టి అతి తక్కువ ఉష్ణోగ్రత నమోదైన ఒక్క రాత్రి వార్త అవుతుంది గాని పంట సిఫారసుకు ఆధారం కాదు.

అల్పశీతల రకాలు లేకపోలేదు. ఇజ్రాయెల్‌లో రూపొందిన అన్నా రకం, బహామా దీవులలో లభించిన డార్సెట్ గోల్డెన్ రకం, హిమాచల్ ప్రదేశ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో రైతు శాస్త్రవేత్త హరిమన్ శర్మ అభివృద్ధి చేసిన హెచ్‌ఆర్‌ఎంఎన్-99 రకం ఇందుకు ఉదాహరణలు. ఇండోనేషియాలోని జావా దీవిలో మలాంగ్ సమీపాన గల బాతు ప్రాంతపు రైతులు మరొక మార్గం చూపారు. పంట కోసిన కొద్ది వారాలకు చెట్ల ఆకును చేతితో దూసివేసి, చెట్టు గాఢ సుప్తావస్థకు చేరక ముందే కొత్త పూతను రప్పించి, ఏడాదికి రెండు పంటలు తీశారు. కనుక చలి తక్కువ నేలలో ఆపిల్ అసాధ్యమని చెప్పడం కూడా అశాస్త్రీయమే. అయితే చెట్టు కాయడం వేరు, తోట గిట్టుబాటు కావడం వేరు. కాయ రంగు, నిల్వ గుణం, కూలి ఖర్చు, కాశ్మీరు సరుకుతో మార్కెట్టులో పోటీ అన్నవి ఒకటి రెండు చెట్ల కాపుతో తేలేవి కావు. రైతుల ప్రయోగశీలతను నిరుత్సాహపరచరాదన్న వాదన న్యాయమైనదే. కాని ప్రయోగపు నష్టాన్ని భరించవలసినది పరిశోధనా క్షేత్రమే గాని, రెండెకరాల గిరిజన రైతు కాదు. తోట కాపుకు వచ్చే వరకు మూడు నాలుగేళ్లు ఆ భూమిపై పూర్తి ఆదాయం లేకుండా వేచి ఉండేది అతడే.

ఉన్న శీతకాలానికి పంటను అమర్చితే కలిగే ఫలితానికి శనగ మంచి నిదర్శనం. ఉత్తర భారతంలో పూత దశలో సగటు ఉష్ణోగ్రత 15 డిగ్రీల దిగువకు పడిపోతే శనగలో పూత రాలి, కాయ కట్టడం ఆలస్యమవుతుంది. దక్షిణాదిలో ఆ బాధ లేదు. ఇక్కడి సమస్య శీతకాలం త్వరగా ముగిసి, ఎండ ముదిరి, నేలలోని నిల్వ తేమ ఆరిపోవడం. ఈ రెండు సంగతులనూ గుర్తించి ఎంపిక చేసిన జేజీ-11, కాక్-2 వంటి స్వల్పకాలిక రకాలు కర్నూలు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలలో విస్తరించాయి. 2000 తరువాతి దశాబ్దంలో ఆంధ్రప్రదేశ్‌లో శనగ విస్తీర్ణం మూడింతలకు పైగా పెరిగింది. లోపంగా తోచిన పొట్టి శీతకాలమే ఇక్కడ వనరుగా మారింది.

తేలికపాటి చలి కూడా తరిగిపోతే నష్టమే. మామిడిలో పూమొగ్గ ఏర్పడడానికి కొన్ని వారాల పాటు 15 డిగ్రీల సమీపానికి చేరే చల్లని రాత్రులు తోడ్పడతాయి. రాత్రులు వెచ్చగా, ఆకాశం మబ్బుగా ఉన్న ఏడాది చెట్టు పూతకు బదులు చిగురు వేస్తుంది. వచ్చిన పూత కూడా దఫదఫాలుగా వస్తుంది. శీతల గంటల లెక్క ఆపిల్‌కే పరిమితమన్న భావన వలన మామిడి రైతుకు అవసరమైన రాత్రి ఉష్ణోగ్రతల విశ్లేషణ మరుగున పడుతున్నది.

దీనికి భిన్నమైన ప్రమాదం మరొకటి ఉన్నది. పేరిన మంచు అరుదైన చోట అది వచ్చినప్పుడు నష్టం అధికం, ఏలయనగా అక్కడ పంటగాని, రైతుగాని అందుకు సిద్ధంగా ఉండరు. మకరరేఖకు సమీపాన గల బ్రెజిల్‌లోని పరానా రాష్ట్రంలో 1975 జూలైలో పడిన మంచుకు కాఫీ తోటలు మాడిపోయాయి. మరుసటి ఏడాది అక్కడ కాఫీ దిగుబడి దాదాపు శూన్యమైంది. అనేకమంది రైతులు సోయా, గోధుమ పంటలకు మళ్లారు. మన్యంలోని అరబికా కాఫీ సిల్వర్ ఓక్ వంటి చెట్ల నీడలో పెరుగుతున్నది. ఆ నీడ రాత్రివేళ నేల నుండి వేడి వేగంగా వెలువడకుండా కాపాడుతుంది. కలప ధర కోసం నీడచెట్లను ఒక్కసారిగా నరికివేసే ముందు, చల్లని గాలి దిగి నిలిచే లోయ అడుగున గల తోటలకు ఈ సంగతి ప్రత్యేకంగా తెలియజేయాలి.

ఈ పరిస్థితులలో విస్తరణ వ్యవస్థ చేయవలసిన పనికి భారీ వ్యయం అవసరం లేదు. స్వయంచాలిత వాతావరణ కేంద్రాలలో నమోదయ్యే గంటవారీ ఉష్ణోగ్రతల నుండి ప్రతి మండలానికి శీతల గంటలను, 15 డిగ్రీల లోపు రాత్రుల సంఖ్యను గణించి ఏటా ప్రకటించాలి. వాతావరణ పెట్టెలోని ఉష్ణమాపకం నేలకు ఒకటింబావు మీటరు ఎత్తున ఉంటుంది. నిర్మలమైన, గాలి లేని రాత్రులలో ఆకు ఉపరితలం అంతకంటె కొన్ని డిగ్రీలు చల్లబడుతుంది. ఈ తేడాను కొండవాలులోను, లోయలోను పంట ఎత్తున కొలిచి చూపడం స్నాతకోత్తర విద్యార్థులు ఒక్క శీతకాలంలో పూర్తి చేయగల ఉపయుక్తమైన అధ్యయనం. కొత్త పండ్ల రకాలను పరిశోధనా కేంద్రాలలో కనీసం మూడు నాలుగు కాపుల వరకు పరిశీలించి, విఫలమైన వాటి వివరాలను కూడా సఫలమైన వాటితో సమానంగా ప్రచురించాలి. సలహా పత్రాలలో పొగమంచు, తడి మంచు, పేరిన మంచు అన్న భేదాన్ని స్పష్టంగా పాటించాలి.

తెలుగు రైతుకు ప్రకృతి ఇచ్చినది చలి తక్కువైన, మంచు అరుదైన శీతకాలం. దానిని కాశ్మీరుతో పోల్చి కొరతగా చూసినంత కాలం సిఫారసులు అనుకరణగానే మిగులుతాయి. దాని నిడివిని, తీవ్రతను మండలాల వారీగా కొలిచినప్పుడే ఏ పంట వేయాలో, ఏది మానాలో రైతుకు ధైర్యంగా చెప్పగల అర్హత విస్తరణ శాస్త్రవేత్తకు లభిస్తుంది.